మూడో నంబరు బ్లోయర్

మైపాడు దాటి
ఇసక రోడ్డున రెండు మైళ్లు పోతే మా రొయ్యపిల్లల హేచరీ.
నాలుగు బ్లోయర్లు, ఒక జనరేటరు,
నూనె పీల్చి బరువెక్కిన ఒక లాగ్‌బుక్కు.

"ఏది ఎన్ని గంటలు ఆగకుండా తిరుగుద్దో
ఒక్క అంకె చెప్పమ్మా చాలు,
కొత్తది కొనాల్నో వద్దో తేల్చుకుంటా" అన్నాడు ఓనరు.

గాలి ఆగితే తొట్టిలో పిల్లలు
కాసేపు ఓర్చుకుంటాయి.
తర్వాత అడుగున తెల్లగా పేరుకుంటాయి
ఒలికిపోయిన నూకల్లాగా.
అందుకే అంకె కావాలి.

పుస్తకం తెరిచాను.
ఒకటో నంబరు: బేరింగు, బెల్టు, ఆయిల్ సీలు,
మళ్లీ బేరింగు, మళ్లీ బెల్టు.
అచ్చం పాతరోగి చీటీ.
మూడో నంబరు:
ఫిబ్రవరి నుంచి సెప్టెంబరు దాకా ఒక్క అక్షరం లేదు.
తెల్లకాగితం మీద టీ గ్లాసు వదిలిన ఉంగరం.

నాకు ముందున్నాయన లెక్క కట్టే పోయాడు:
"మూడోది బంగారం. ఎనిమిది నెలల్లో ఒక్కసారీ ఆగలేదు."
కింద ఎర్రసిరా గీతలు రెండు.

రాయకపోతే జరగనట్టేనా?
పంచాయతీ రికార్డులో మా నాయనమ్మ పుట్టుక లేదు.
అయినా తొంభై ఏళ్లు మమ్మల్నందర్నీ తిట్టింది.

కాలేషా మేస్త్రీ స్పానరు తుడుచుకుంటా అన్నాడు:
"ఆ ఎండాకాలం నాకు మోకాలి ఆపరేషన్.
బదులొచ్చిన పిలకాయకి చెయ్యి ఉండాది, రాత లేదు."

స్టోన్‌హౌస్‌పేటలో బేరింగుల కొట్టు.
బిల్లుబుక్కులో నీలి కార్బన్ మసకల్లో వెతికాను.
మార్చి పదకొండు, రెండు బేరింగులు.
జూన్ పద్దెనిమిది, ఇంకో రెండు.
ఏ మిషనుకో లేదు.
అమ్మినవాడికి దాంతో ఏం పని?

రాత్రి కాపలా చెంగమ్మని అడిగితే
"మూడోది గొంతు బొంగురుపోయి ఆగిపోలా!
బిందెల్తో పక్క తొట్లోకి మోసినాం పిల్లల్ని."
ఎప్పుడు?
"బోట్లు మళ్లీ వేటకి పోయిన రెండోనాడు."
నిషేధం ఎత్తేసేది జూన్ నడిమిన.
జూన్ బిల్లుకి ఇల్లు దొరికింది.
మార్చి బిల్లు ఇంకా వీధిలోనే ఉంది.

అప్పుడర్థమైంది ఒకటో నంబరు సంగతి.
దాని ఆపరేటరు పెంచలయ్య
బెల్టు మీద దుమ్ము దులిపినా రాసేవాడు.
నిజం చెప్పినందుకు అది రోగిష్ఠి అయింది,
నోరు మూసుకున్నందుకు మూడోది బంగారం.

నాలుగోది ఇంతవరకు ఆగలేదు.
ఆగిన తేదీ లేదని
దాని గంటల్ని కొట్టిపారేయకూడదు:
"ఇంతకు తక్కువ కాదు" అని రాసి వదిలేయాలి.
రెండోది కావలిలో పాతసరుకుగా కొన్నది.
దాంతోపాటు పుట్టి తుక్కులోకి పోయినవి
నా పట్టీలోకి ఎప్పటికీ రావు.
బతికినదాన్ని చూసి ఆ వంశమే గట్టిదనడం ఎట్టా?

రోజుకి పన్నెండు గంటల చొప్పున కట్టి
ఓనరుకి రెండు అంకెలిచ్చాను.
ఒక్కసారే ఆగివుంటే రెండువేల తొమ్మిదొందల గంటలకొకసారి,
మార్చి బేరింగులూ దానివే అయితే అందులో సగం.
ఎవరికీ గుర్తులేనివి ఉంటే ఇంకా కిందికి.

"ఇంత చదివి ఒక్క అంకె చెప్పలేవా?"
"ఖాళీని నేనే నింపేస్తే ఒక్కటే వస్తుంది సార్."
ఆయన చాలాసేపు తొట్ల వైపు చూసి
ఇంకో జత బేరింగులు తెచ్చి పెట్టమన్నాడు.
కొత్త బ్లోయర్ మాట ఎత్తలేదు.

ఎనిమిది నెలల తెల్లకాగితం మీద
"తెలియదు" అని అడ్డంగా రాశాను, పెన్సిల్‌తో.
ఎవరికైనా ఏదైనా గుర్తొస్తే చెరపొచ్చు.

ఇవాళ రాత్రి డ్యూటీ నాది.
రెండూ నలభై.
మూడోది గొంతు కొంచెం మారింది.
ఆగలేదు.
ఆగలేదని కూడా రాశాను.